మా మల్లికి ఏమైంది?

“తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు” అన్న సామెతను ఇరవై ఏళ్లుగా క్లాసులో చెబుతూనే ఉన్నాను. అది నాకోసమే పుట్టిందని మాత్రం మొన్నటి ఎండాకాలందాకా తెలుసుకోలేదు.

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి పోరు పడలేక రెండు నెలల తెల్ల కుందేలుపిల్లను తెచ్చాను. మల్లి అని పేరు పెట్టుకుంది. ఉగాదిదాకా అదెంత సాధువో చెప్పలేను. పిలిస్తే వచ్చేది, ఒళ్లో కూర్చుని కొత్తిమీర తినేది, మూలనున్న పెట్టెలో తప్ప మరోచోట తడిపేది కాదు.

ఆ తరువాత ఏమైందో ఏమో! ఒకనాటి ఉదయం గూట్లో గడ్డి పెట్టబోయిన అమ్మాయిమీదికి గుర్రుమని లేచి, ముందుకాళ్లతో కొట్టి, వేలు కొరికింది. అది మొదలు మా కాళ్లచుట్టూ గిరగిర తిరగడం, ఇల్లంతా తడపడం, కుర్చీ కాళ్లకూ చివరికి నా నిఘంటువుకూ గడ్డం రాయడం! మా ఆవిడ దిష్టి తగిలిందంది.

“దిష్టీ లేదు, గిష్టీ లేదు. ముద్దుచేసి నెత్తికెక్కించుకున్నారు. అమ్మినవాడికే తిరిగి ఇచ్చేస్తాను” అన్నాను నేను.

అమ్మాయి కట్టు కట్టిన వేలు వెనక్కు దాచుకుని, “నేనేం తప్పు చేశాను నాన్నా?” అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు చూస్తే మల్లి తన రొమ్ముమీది బొచ్చు తానే పీక్కుని గడ్డితో కలిపి మూలన పోగుచేస్తోంది. జబ్బేననుకుని బుట్టలో పెట్టుకుని పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాను.

ఆయన నవ్వి, “జబ్బూ కాదు, పొగరూ కాదు మేష్టారూ! ఈడు వచ్చింది” అన్నారు.

కుందేలు బాల్యం మూణ్ణాళ్ల ముచ్చటేనట. చిన్నజాతులు 4వ నెలకే, పెద్దజాతులు 6వ నెలకో ఆ పైనో ఈడేరుతాయి. గడ్డం కింద వాసనగ్రంథులుంటాయి. మన ముక్కుకు అందని ఆ వాసన పూసి “ఇది నాది” అని ముద్ర వేస్తుంది. ఆ లెక్కన నా నిఘంటువు మల్లిదే! గూడు దాని ఇల్లు. చెప్పకుండా చెయ్యి పెట్టినవాడు దొంగ. మగతోడు లేకున్నా ఆడకుందేలుకు ఒక్కోసారి ఉత్తుత్తి చూలు వస్తుంది. రెండు మూడు వారాల్లో అదే పోతుంది. అంతవరకూ ఆ పొత్తిలిని పారెయ్యరాదు.

కొట్టడం, చెవులు పట్టి ఎత్తడం పనికిరావు. అది బయట తిరిగేటప్పుడే గూడు శుభ్రం చేయాలి. కుందేళ్లతో అనుభవమున్న వైద్యుడిచేత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కొన్ని వారాల్లో కోపం తగ్గుతుంది. ఆడవాటికి పెద్దతనంలో తరచు వచ్చే గర్భసంచి కాన్సరు బెడదా తప్పుతుంది. అయితే ప్రతి మార్పునూ ఈడుమీదికి నెట్టకూడదు. పూటంతా మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా, ముడుచుకుని పళ్లు నూరుతున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

మల్లికి ఆపరేషన్ చేయించాం. నెల తిరిగాక ఒకరాత్రి తానే వచ్చి అమ్మాయి పాదాలమీద తల వాల్చింది.

మా అమ్మాయికిప్పుడు పదమూడో ఏడు. ఈమధ్య ఊరికే చిరాకుపడుతోంది, గది తలుపులు ధడాలున వేసుకుంటోంది. ఇదివరకైతే కేకలేసేవాణ్ణే. ఇప్పుడు తలుపు తట్టి, రమ్మన్నాకే లోపలికి వెళుతున్నాను.