తెర మీద ఆట... తెర వెనుక పాట్లు!

2018 డిసెంబర్‌లో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు మొదలైంది. బూర్గంపాడు కుర్రాళ్లకూ ఆటల కబుర్లు తెలుగులో వినే యోగం పట్టింది. బాగానే ఉంది! మరి ఆటల చానల్‌కి ఆయువుపట్టు ఎక్కడుందో తెలుసా? సెటాంటా కథ వినండి.

1990 ఫుట్‌బాల్ వరల్డ్ కప్... ఐర్లాండ్–హాలెండ్ మ్యాచ్ లండన్‌లో టీవీకెక్కలేదు. ఇద్దరు ఐరిష్ యువకులు ఓ హాలు అద్దెకు తీసుకుని, టికెట్ పెట్టి చూపించేశారు! ఆ ఆలోచనే పెరిగి చానలైంది. 2007 నుంచి ప్రీమియర్ లీగ్‌లో ఏటా 46 మ్యాచ్‌లు దానివే. హక్కులకేమో కోట్లు పోశారు. చందాదారులు అంతమంది రాలేదు. వాయిదా సొమ్ము కట్టలేక హక్కులు చేజారాయి. 2009 జూన్ 23న బ్రిటన్‌లో తెర పడింది.

స్టార్లు లేని సినిమా అయినా ఆడొచ్చుగానీ, మ్యాచ్‌లు లేని ఆటల చానల్ ఆడదు. పుట్టించేది అభిమానం... బతికించేది చందా!