లక్ష లోపు కెమెరాకు రెండు లక్షల అప్పెందుకు?

పోయిన నెల ఒక రాత్రి మా అక్క ఫోను చేసింది. "తమ్మీ, నీ అల్లుడు పతపేడీల నుంచి కాగితాలు తెచ్చిండు. నా గొలుసు కుదువ పెట్టి రెండు లక్షలు తీసి కెమెరా కొంటడంట. నువ్వు చెప్తె వింటడు, ఒక్కపారి వచ్చి పో" అన్నది. ఆ గొలుసు అక్క బీడీలు చుట్టిన పైసలతోని చేయించుకున్నది. బావ సాంచాల మీద రాత్రిపాళీ చేస్తడు. ఆ ఇంట్ల బంగారమంటే అదొక్కటే.

షోలాపూర్ తూర్పు భాగంలో నేను పెండ్లి ఫొటోలు తీయబట్టి ముప్పై ఏండ్లు దాటింది. మేనల్లుడు నా దగ్గరనే పని నేర్చుకున్నడు, ఇప్పుడు సొంతంగ ఆర్డర్లు పడుతున్నడు. తెల్లారి వాళ్లింటికి పోయిన. పిల్లగాడు ముందుగాలనే అన్నీ తయారు పెట్టుకున్నడు. "మామా, ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ ఇప్పుడు అగ్గువైంది. లక్ష లోపే వస్తున్నది. ఇంక తగ్గుతదంటున్నరు. పెద్ద పెండ్లిండ్లోళ్లు ఫుల్‌ఫ్రేమ్ ఉన్నదా అని అడిగినంకనే పని ఇస్తున్నరు" అన్నడు.

"మరి లక్ష లోపు కెమెరాకు రెండు లక్షల అప్పెందుకురా?" అని అడిగిన. వాడు నేల చూసిండు. మన ఇండ్లల్లో కెమెరా పట్టిన పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నరు. వాళ్ల అమ్మానాన్నలు కూడా చదువుతరని ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ రాస్తున్న.

ముందుగా ఫుల్‌ఫ్రేమ్ అంటే ఏంటిదో చెప్పాలె. అది కొత్త సంగతి కాదు. 1925లో జర్మనీలో లైకా కెమెరా అమ్మకానికి వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆస్కార్ బార్నాక్ సినిమా రీలునే వాడి 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు బొమ్మ పడేటట్టు చేసిండు. మనం వాడిన 36 ఫొటోల రోలు కూడా ఆ కొలతదే. ఆ లెక్కన నేను మొదట మూడు వేల చిల్లరకు కొన్న పాత ఫిల్మ్ కెమెరా కూడా ఫుల్‌ఫ్రేమే! డిజిటల్ వచ్చినంక ఆ కొలత మన చేతిలకెళ్లి పోయింది. మనకు అందే ధరల్లో వచ్చిన కెమెరాలన్నీ క్రాప్ సెన్సర్‌వే. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం వాటికి దాదాపు రెండున్నర రెట్లు.

మరి రెండున్నర రెట్లే పెద్దదైతే ధర అంతకంటే ఎక్కువ ఎందుకుంటది? మగ్గం తెలిసినోళ్లకు ఇది చిటికెల అర్థమైతది. సెన్సర్లను పెద్ద పళ్లెమంత గుండ్రటి సిలికాన్ రేకు మీద వరుసగా తయారుచేసి కోస్తరు. రేకు మీద అక్కడొకటి ఇక్కడొకటి లోపం ఉండనే ఉంటది. నాప్‌కిన్లు నేసేటప్పుడు ఒక్క దగ్గర పోగు పాడైతే ఒక్క నాప్‌కిన్ పోతది. అదే తప్పు చద్దరు నడుమ పడితే మొత్తం చద్దరు డ్యామేజీ కుప్పలకు పోతది. పెద్ద సెన్సర్ చద్దరు లాంటిది. ఒక రేకులో లెక్కకు తక్కువ వస్తయి, వచ్చినవాటిల్లో పాడయ్యేవి ఎక్కువ. పైగా గుండ్రటి రేకు అంచుల్లో వృథా కూడా ఎక్కువే.

ఇక మిర్రర్‌లెస్. పాత ఎస్ఎల్ఆర్‌లో లెన్సు వెనక ఒక అద్దం, దాని పైన గాజు ప్రిజం, ఫోకస్‌కు వేరే సెన్సర్ ఉంటయి. క్లిక్ అన్నప్పుడల్లా అద్దం లేచి పడాలె. అవన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండ బిగించాలె. మిర్రర్‌లెస్‌లో ఆ గొడవ లేదు. సెన్సర్ మీద పడిన బొమ్మనే చిన్న తెర మీద చూస్తం. మన దగ్గర నాడె పోయి రేపియర్ మగ్గం వచ్చినట్టన్న మాట. కదిలే ముక్కలు తగ్గినయి గనుక కెమెరా తేలికైంది, బిగించే ఖర్చు తగ్గింది. 2013లో సోనీ ఏ7 వచ్చింది, ఒట్టి బాడీ 1,700 డాలర్లు. 2018లో నైకాన్, క్యానన్ కూడా ఈ దారికి వచ్చినయి. 2019 మొదట్లో క్యానన్ ఆర్‌పీని 1,300 డాలర్లకు పెట్టింది. ఆ జనవరి నుంచే మన దేశంలో డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఇంక నాలుగైదేండ్లల్లో యాభై వేలకు వస్తదని నేను కూడా అందరికీ చెప్పుకుంట తిరిగిన.

నా మాట తప్పింది. ఎట్ల తప్పిందో చూడండి. 2019లో ఆర్‌పీ 1,300. 2020లో నైకాన్ జెడ్5 1,400. 2023లో క్యానన్ ఆర్8 1,500. 2025లో నైకాన్ జెడ్5-2 1,700. అన్నీ ఆయా కంపెనీలు సామాన్యుని ఫుల్‌ఫ్రేమ్ అని తెచ్చినవే. కెమెరాల్లో గుణం పెరిగింది, కాదనను. కానీ కొత్తది వచ్చినప్పుడల్లా ధర ఎక్కిందే తప్ప దిగలేదు. నడుమ డాలరు 70 రూపాయల దగ్గరి నుంచి 85 దాటింది, అదొక దెబ్బ.

దీనికి కారణం మన జేబులో ఉన్న ఫోనే. 2010లో జపాన్ కంపెనీలు లోకమంతటికి 12 కోట్ల పైన డిజిటల్ కెమెరాలు పంపినయి. 2020లో 90 లక్షలు కూడా పంపలేదు. చిన్న కెమెరా కొనేటోళ్లు పోయిన్రు. మిగిలిన కొద్దిమంది దగ్గరనే లాభం తీయాలె గనుక కంపెనీలు ఖరీదైన సరుకు దిక్కు నడుస్తున్నయి. మిల్లులు సాదా బట్ట ఆపేసి ఎక్స్‌పోర్టు సరుకు దిక్కు పోయిన రోజులు మన పెద్దలకు యాదుంటయి.

అంటే ఫుల్‌ఫ్రేమ్ మనకు అందదా అంటే అందుతది, కానీ పాతది. కొత్త మోడలు వచ్చినప్పుడు నిన్నటిది తగ్గుతది. సేటు దగ్గర రేపియర్ పడినప్పుడు పాత సాంచాలు చిన్న కార్ఖానాలకు చేరినట్టే.

బాడీ సంగతి ఇది. అల్లుని రెండు లక్షల సంగతి లెన్సుల దగ్గర ఉన్నది. 2019లో ఆర్‌పీ బాడీ 1,300 డాలర్లయితే, దానికే క్యానన్ తెచ్చిన 24-70 ఎఫ్ 2.8 లెన్సు 2,300 డాలర్లు! ఎద్దు కంటే తాడు ఖరీదు. అందుకని చాలామంది కిట్ లెన్సుతోని సర్దుకుంటరు. ఆర్‌పీతో ఇచ్చే అగ్గువ 24-105 లెన్సు జూమ్ చేస్తే ఎఫ్ 7.1కు దిగుతది. ఇప్పుడు లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ వల్ల వెలుతురు రెండున్నర రెట్లు ఎక్కువ దొరుకుతది. ఎఫ్ 1.8 లెన్సు మాత్రం ఎఫ్ 7.1 కంటే పదిహేను రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతది. అందుకే పాత క్రాప్ కెమెరాకు ఎనిమిది తొమ్మిది వేల 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సు తొడిగితే, కిట్ లెన్సుతో ఉన్న ఫుల్‌ఫ్రేమ్‌ను చీకట్లో గెలుస్తది.

నోటితోని చెప్తే వాడు నమ్మలేదు. "మామా, నీది పాత లెక్క" అన్నడు. సరే అని ఒక రోజుకు ఆర్‌పీ కిరాయికి తెచ్చినం. ఆ రాత్రే మా వాడకట్టులో ఒక పసుపు ఫంక్షను. ఇంటి ముందర చిన్న మండపం, రెండు బల్బులు, నడుమ పిల్లల ఉరుకులాట. వాని చేతిలో కిట్ లెన్సుతోని ఆర్‌పీ. నా చేతిలో పాత క్యానన్, 50 లెన్సు. ఇంటికొచ్చి కంప్యూటర్ మీద పక్కపక్కన పెట్టినం. వాని ఫొటోలల్లో గింజలు గింజలుగా నాయిస్, నడిచే మనుషులు ఊగిపోయిన్రు. లెన్సులో వణుకు ఆపే ఏర్పాటు ఉన్నది గాని అది మన చెయ్యి వణుకునే ఆపుతది, ఉరికే పిల్లలను ఆపదు. నావి నయమున్నయి. కాకపోతే క్రాప్ మీద 50 లెన్సు దగ్గరికి గుంజుతది. చిన్న ఇంట్ల వెనకకు జరిగి జరిగి నేను గోడకు ఒరిగిన. అది దాని లోపం.

ఇక్కడితో ఆపితే అల్లునికి అన్యాయం చేసినట్టు. తిరిగొచ్చే ముందర నా 50 లెన్సును అడాప్టర్‌తో ఆర్‌పీకి తొడిగి పది ఫొటోలు తీసినం. అవి చూసి నేనే చప్పుడు చేయలేదు. పెండ్లిపిల్ల చెంప మీద పసుపు రంగు కండ్లతోని చూసినట్టే వచ్చింది. ఫుల్‌ఫ్రేమ్‌లో దమ్ము ఉన్నది. మంచి లెన్సు ముందర పెడితేనే అది బయటికొస్తది.

అన్ని పాత లెన్సులూ నడుస్తయనుకోవద్దు. క్రాప్ కోసం చేసిన 18-55 లాంటివి అడాప్టర్‌తో తొడిగితే కెమెరా తనంతట తనే బొమ్మను కత్తిరించి 26 మెగాపిక్సెల్ నుంచి 10కి దిగుతది. ఆల్బంలో 12కు 18 అంగుళాల పేజీ నిండా మంచిగ ప్రింటు కావాలంటే, అంగుళానికి 300 చుక్కల లెక్కన 19 మెగాపిక్సెల్ పైన కావాలె. వీడియో ఇంకో తమాషా. ఆర్‌పీ, జెడ్5 రెండూ 4కె వీడియోలో నడిమి భాగమే వాడుకుంటయి. ఫుల్‌ఫ్రేమ్ అని కొన్నోడు 4కె వీడియోలో మళ్ల క్రాపే తీస్తడు.

నాకు అన్నిటికంటే భయం కార్డు స్లాటుది. కొన్నేండ్ల కింద ఒక పెండ్లిలో నా కార్డు పాడైంది. కెమెరాకు స్లాటు ఒక్కటే. అక్షింతలు పడేటప్పటి ఫొటోలు ఒక్కటీ మిగలలేదు. పైసలన్నీ వాపసు ఇచ్చిన. కానీ పెండ్లి వాపసు రాదు కదా! ఆ ఇంటి ముందర నుంచి పోవాలంటే ఇప్పటికీ తల వంచుకునే పోత. ఆర్‌పీకి ఒక్కటే స్లాటు. జెడ్5కు రెండున్నయి గాని మా క్యానన్ లెన్సులు దానికి నేరుగా ఎక్కవు.

అందుకని ఇద్దరం కూసోని కాగితం మీద రాసినం. వాడు చేర్చుకున్నది నలభై వేలు. 2018లో వచ్చిన సోనీ ఏ7-3కి రెండు స్లాట్లు. 4కె వీడియోను సెన్సర్ పూర్తి వెడల్పుతోని తీస్తది. బ్యాటరీ కంపెనీ లెక్కకు 700 ఫొటోలు ఇస్తది, ఆర్‌పీది 250. సోనీకి టామ్రాన్, సిగ్మా లెన్సులు బోలెడు. టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 వచ్చినప్పుడే 800 డాలర్లు. క్యానన్ ఆర్‌ఎఫ్‌కు బయటి కంపెనీల ఫుల్‌ఫ్రేమ్ ఆటోఫోకస్ లెన్సులు చాలా తక్కువ. వాడిన ఏ7-3 బాడీలు లక్ష లోపు నేనే చూసిన. ఈ సీజన్‌లో పెద్ద ఆర్డరుంటే బాడీ కిరాయికి తెచ్చుడు, కిరాయి పైసలు పార్టీ లెక్కలనే కలుపుడు. చిన్నవాటికి పాత కెమెరా, నా 50 లెన్సు. తులసి పెండ్లి అయినంక వచ్చే ముహూర్తాల ఆదాయంతోని ముందు లెన్సు, తర్వాత బాడీ.

పాతది కొనేటప్పుడు ఏం చూడాలో కూడా వానికి చూపిస్త అన్న. ఎఫ్ 16 మీద తెల్లగోడను ఫొటో తీసి పెద్దగ చేసి చూడాలె, దుమ్ముంటే మచ్చలు కనబడుతయి. రంగు గీతలో, చచ్చిన చుక్కల వరుసో ఉంటే కొనొద్దు, అది లేజర్ కాల్చిన గుర్తు. మిర్రర్‌లెస్‌ను ఆన్ చేసినంతసేపూ సెన్సర్ లెన్సు ముందర తెరిచే ఉంటది. ఊరేగింపుల్లో డీజే లేజర్ సూటిగ పడితే రెప్పపాటులో సెన్సర్ పోతది. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగాలె. బిల్లు లేకుంటే ముట్టుకోవద్దు.

పుణెలో ఒకతను తన ఏ7-3 అమ్ముతడంట. వచ్చే ఆదివారం పొద్దుగాల హుతాత్మ బండికి మామా అల్లుళ్లం పోతున్నం. ఇప్పుడే కొనం, ఎట్ల చూడాలో నేర్సుకునేటందుకే. పతపేడీ కాగితాలు అట్లనే అల్మారిలో ఉన్నయి, గొలుసు అక్క మెడలనే ఉన్నది. దారిలకు జొన్నరొట్టెలు, శేంగ చట్నీ కట్టిస్త అన్నది.