మత్తు సూది వేసినా పన్ను మొద్దుబారదేం?

కింది దవడ పన్ను తీయించుకునే వారిలో కొందరికి మత్తు సూది వేసినా నొప్పి తెలుస్తూనే ఉంటుంది. మందు నాసిరకమనో, వైద్యుడికి అనుభవం లేదనో నిందించడం పరిపాటి. కొన్నిసార్లు అసలు కారణం ఎముకలోనే ఉంటుంది.

చెవి వైపు నిలువుగా లేచే దవడ ఎముక లోపలి పక్కన ఒక రంధ్రం ఉంది. కింది పళ్లకు స్పర్శజ్ఞానాన్ని అందించే నాడి, రక్తనాళాలతో కలిసి దాని గుండా ఎముకలోని కాలువలోకి ప్రవేశిస్తుంది. పళ్లకు శాఖలనిచ్చి, గడ్డం పక్కనున్న మరో రంధ్రం నుంచి వెలువడి కింది పెదవికి చేరుతుంది. మత్తుమందు వేసేది మొదటి రంధ్రం సమీపంలోనే. అయితే దాని ఎత్తు అందరిలో ఒకేలా ఉండదు. పిల్లల్లో కిందికి ఉండి, వయసుతోపాటు పైకి జరుగుతుంది.

కొందరిలో ఈ కాలువ రెండుగా చీలి ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలో అరుదుగా కనిపించే ఈ చీలిక, సీబీసీటీ స్కానింగులో ఎక్కువమందిలో బయటపడుతోంది. సూది పడేచోటుకు పైనే విడిపోయిన శాఖకు మందు అందదు. జ్ఞానదంతం తీసేటప్పుడు, ఇంప్లాంటు బిగించేటప్పుడు అలాంటి శాఖ దెబ్బతింటే రక్తస్రావంతోపాటు తిమ్మిరి మిగిలిపోవచ్చు. ప్రధాన నాడికే గాయమైతే పెదవి స్పర్శ శాశ్వతంగా పోయే ప్రమాదమూ లేకపోలేదు.

గతంలో సూది పనిచేయని వారు ఆ సంగతి ముందే చెప్పడం మేలు. అలాంటి వారికి మందును మరింత పైన వేసే పద్ధతిని ఆస్ట్రేలియా దంతవైద్యుడు గౌ-గేట్స్ 1973లోనే వెల్లడించారు.