ఎండను దాచే అణువులు, ఎదురుచూస్తున్న నీరు

1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచీ మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో చాలా పని అమెరికా వేళల ప్రకారమే సాగుతోంది. సౌర విద్యుత్తు పుష్కలంగా వచ్చేది మిట్టమధ్యాహ్నం, ఈ మేడల్లో దీపాలు వెలిగేది అర్ధరాత్రి. ఎండను హైడ్రోజన్‌గా మార్చి దాచుకుంటే ఈ చిక్కు తీరుతుందనే మాట తరచూ వినిపిస్తోంది. ఆ ఆశ మంచిదే కానీ, పెట్టుకున్న చోటు సరైనది కాదు. రాత్రి కరెంటు కోసమే అయితే పగలు నీటిని ఎత్తుకు తోడి, చీకటి పడ్డాక దించి టర్బైన్లు తిప్పుకోవడం మేలు. హైదరాబాద్ కంపెనీ గ్రీన్‌కో నంద్యాల జిల్లా పిన్నాపురంలో చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు ఇలాంటిదే. ఈ పద్ధతిలో పెట్టిన కరెంటులో దాదాపు ముప్పాతిక వంతు తిరిగొస్తుంది. అదే కరెంటును హైడ్రోజన్ చేసి మళ్ళీ కరెంటుగా మారిస్తే సగం కూడా చేతికి రాదు. హైడ్రోజన్ నిజంగా కావలసింది ఎరువులకు వాడే అమ్మోనియాకూ, చమురు శుద్ధికీ, ఉక్కుకూ. ఇప్పుడు దాన్ని ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తున్నారు. అలా తీసే ప్రతి కిలోకూ దాదాపు తొమ్మిది పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది.

దీనికి బదులు, సోలార్ పలకలూ తీగలూ లేకుండా, ఒక్క అణువుతోనే ఎండను పట్టి నీటి నుంచి హైడ్రోజన్ తీయాలన్నది రసాయన శాస్త్రవేత్తల పాత కోరిక. అందులో కాంతి తగలగానే ఉత్తేజం పొందే, రుథేనియం వంటి లోహమున్న భాగం ఒకటి, ఎలక్ట్రాన్లను పోగుచేసుకునే ఉత్ప్రేరకం మరొకటి, ఈ రెంటినీ కలిపే వంతెన కావాలి. జర్మనీలోని యేనా, ఉల్మ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2022లో ఇందులో ఓ ముఖ్యమైన అడుగు వేశారు. వాళ్ళు కట్టిన అణువులో ఒక కొసన రుథేనియం, మరో కొసన టంగ్‌స్టన్, ఆక్సిజన్‌లతో అల్లిన పాలీఆక్సోమెటలేట్ అనే గుత్తి ఉన్నాయి. వెలుగులో ఎలక్ట్రాన్లు ఆ గుత్తిలోకి చేరి అక్కడే నిలిచిపోతాయి. తరవాత కాస్త ఆమ్లం కలిపితే చీకట్లోనే హైడ్రోజన్ వస్తుంది. ఎండను పట్టే వేళ వేరు, వాయువు తీసే వేళ వేరు అన్నమాట. ఈ రెంటినీ విడదీయగలగడం చిన్న విషయం కాదు.

అయితే ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడివని అడగాలి. నీటి నుంచి వచ్చినవి కావు. తాను ఖర్చైపోతూ ఎలక్ట్రాన్లనిచ్చే మరో రసాయనాన్ని ద్రావణంలో కలిపారు. కాంతితో హైడ్రోజన్ తీశామని చెప్పే ప్రయోగాల్లో చాలావాటి సంగతి ఇదే. ఆ రసాయనాన్ని నిత్యం కొని పోస్తూ పోతే లాభమేముంది? ఎలక్ట్రాన్లు నీటి నుంచే రావాలంటే అసలు కష్టమంతా ఆక్సిజన్ వైపే ఉంది. రెండు నీటి అణువుల నుంచి నాలుగు ఎలక్ట్రాన్లనూ నాలుగు ప్రోటాన్లనూ లాగి, మిగిలిన రెండు ఆక్సిజన్ పరమాణువులను జతచేయాలి. ఆ పని చేస్తూ ఉత్ప్రేరకం తానే చెడిపోకుండా నిలవాలి. ఐటీ కారిడార్‌ను ఆనుకునే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సమర్ దాస్ బృందం తలకెత్తుకున్నది సరిగ్గా ఈ పనినే. మధ్యలో ఒక కోబాల్ట్, చుట్టూ పన్నెండు టంగ్‌స్టన్‌లు ఉన్న పాలీఆక్సోమెటలేట్‌ను వాళ్ళు జెడ్‌ఐఎఫ్-8 అనే సచ్ఛిద్ర పదార్థపు గదుల్లో బంధించారు. గుత్తి వెడల్పు సుమారు ఒక నానోమీటరు. గది అంతకంటే కొద్దిగా పెద్దది, దాని కిటికీలు మాత్రం చాలా చిన్నవి. అందుకే లోపలిది బయటికి జారిపోలేదు. ఆమ్లమూ క్షారమూ కాని మామూలు నీటిలో అది ఆక్సిజన్ తీసిందని 2018లో ప్రకటించారు. దాన్ని నడిపింది కరెంటే, కాంతి కాదు. అయినా పైన చెప్పిన జర్మన్ అణువుకు లోటుగా ఉన్న సగం ఈ దిశలోనే ఉంది.

ఈ అణువుల దారికి గట్టి అభ్యంతరమే ఉంది. బజారులో దొరికే సోలార్ పలకను, కరెంటుతో నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్‌కు తగిలిస్తే ఎండలోని శక్తిలో పది శాతం పైచిలుకు హైడ్రోజన్‌లోకి చేరుతుంది. జపాన్‌లో వంద చదరపు మీటర్ల మేర ఫొటో ఉత్ప్రేరక పలకలు పరిచి 2021లో ప్రకటించిన ఫలితంలో గరిష్ఠంగా దక్కింది 0.76 శాతం. వాటిలో వాడింది ఘన పదార్థపు పొడి. అణువులతో కట్టిన ఉత్ప్రేరకాలు ఇంకా అక్కడిదాకా కూడా రాలేదు, పైగా రుథేనియం ఖరీదైన లోహం. ఇదంతా నిజమే, ఈ దశాబ్దపు ఫ్యాక్టరీలు ఎలక్ట్రోలైజర్లతోనే నడవాలి. కానీ ఆ ఎలక్ట్రోలైజర్లలో ఒక రకానికి ఘాటైన క్షారం, మరో రకానికి అరుదైన ఇరిడియం కావాలి. మామూలు నీటిలో చవక లోహంతో ఆక్సిజన్ తీసే విద్య పట్టుబడితే ముందు బాగుపడేవి ఆ యంత్రాలే. అణువును పరమాణువు వెంట పరమాణువుగా మార్చి చూడొచ్చు కనుక, ఉత్ప్రేరకం ఎక్కడ విరుగుతోందో, ఎందుకు విరుగుతోందో దానిలో తెలిసినంత స్పష్టంగా పొడిలో తెలియదు.

2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు కేటాయించారు. అందులో పరిశోధనకు దక్కింది 400 కోట్లు, అంటే వందకు రెండు. తయారీకి ఇచ్చే ప్రోత్సాహకాలను తగ్గించమని అనడం లేదు. ఈ రెండును కనీసం ఐదు చేసి, ఆ పెంపులో పెద్ద వాటా నీటి నుంచి ఆక్సిజన్ తీసే పనికే ఇవ్వాలి. షరతు ఒకటే: ఉత్ప్రేరకాన్ని ల్యాబులో కొన్ని గంటలు నడిపి ఊరుకోకుండా, ఖర్చైపోయే రసాయనమేదీ కలపకుండా, హైదరాబాద్ ఎండలో నెలల తరబడి నిలబెట్టి, వచ్చిన ఆక్సిజన్‌ను కూడా కొలిచి చూపాలి.