ఏడాదికొక్కసారైనా పేరు పిలుద్దాం

సరిహద్దులో మన జవాను నేలకొరిగాడంటే ఆ రోజు ఊరు ఎలా కదిలిపోతుందో చెప్పనక్కర్లేదు. శవపేటిక గన్నవరం విమానాశ్రయంలో దిగిన దగ్గర్నుంచి మా మైలవరం లాంటి ఊరు చేరేదాకా రోడ్డుకి అటూ ఇటూ జనం. బైకు ర్యాలీలు, జెండాలు, ‘అమర్ రహే’ నినాదాలు, మంత్రుల పుష్పగుచ్ఛాలు, గాలిలోకి తుపాకుల కాల్పులు. పేటిక మీది జెండా మడిచి తల్లి చేతిలోనో భార్య చేతిలోనో పెడతారు. పెద్దకర్మ నాటికి ఫ్లెక్సీ రంగు వెలుస్తుంది. మరుసటేడు అదే తేదీకి ఆ గుమ్మం ఎక్కేవాళ్లు ఎందరు?

అమెరికాలో ఈ మరుసటేటి సంగతి పట్టించుకున్నవాడు ఒక దండల వ్యాపారి. మెయిన్ రాష్ట్రానికి చెందిన మోరిల్ వూస్టర్ దగ్గర 1992లో క్రిస్మస్ గిరాకీకి మించి సరుకు మిగిలింది. ఫర్ చెట్టు పచ్చి కొమ్మల్ని గుండ్రంగా చుట్టి, ఎర్ర రిబ్బను కట్టే దండలవి. వాటిని పారేయకుండా ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానానికి పంపి, జనం పెద్దగా రాని పాత సమాధుల దగ్గర పెట్టించాడు. 2005లో మంచు కప్పిన సమాధుల మీద ఆ దండలున్న ఫొటో దేశమంతా తిరిగింది. 2007లో దానికో సంస్థ ఏర్పడింది. ఇప్పుడు ఏటా డిసెంబరులో ఒక శనివారం వేల శ్మశానాల్లో పిల్లాజెల్లా వచ్చి దండలు పెడుతున్నారు. సంస్థకు దండలు అమ్మేది కూడా ఆ కుటుంబమేనన్న విమర్శ లేకపోలేదు. అది వాళ్లు తేల్చుకోవలసిన లెక్క. నాకు నచ్చింది వాళ్ల ఒక్క నియమం: దండ పెట్టి ఊరుకోకూడదు, రాతి మీది పేరు పైకి చదవాలి.

డిసెంబరు మనకూ తక్కువ నెలేం కాదు. 4న నౌకాదళ దినోత్సవం. విశాఖ రామకృష్ణా బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గర పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఆ తీరం దగ్గరే. 7న సాయుధ దళాల పతాక దినోత్సవం. బళ్లో పిల్లలు చొక్కాలకు చిన్న జెండా అంటించుకుని హుండీలో చిల్లర వేస్తారు. ఆ డబ్బు ఎవరి ఇంటికి చేరుతుందో ఆ పిల్లలకు చెప్పేవాళ్లు అరుదు. 8వ తేదీ 2021లో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో మన సాయితేజ పోయిన రోజు. అతని ఊరు కురబలకోట మండలం ఎగువరేగడ. 16న విజయ్ దివస్.

అయితే అమెరికా పద్ధతి ఇక్కడ అలాగే అతకదు. మనలో చాలామందికి సమాధి ఉండదు, బూడిద కృష్ణలో కలిసిపోతుంది. ఈ చిక్కు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వాళ్లకూ ఎదురైంది. అందుకే రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో సమాధులతో పాటు, దహనమైన సైనికుల పేర్లకు విడిగా ఒక స్మారకం కట్టారు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోనూ అంతే, ఒక్కో గ్రానైట్ పలక మీద ఒక్కో పేరు. అక్కడ సాయంత్రం పూట అమరుల కుటుంబసభ్యుల చేత పుష్పగుచ్ఛం పెట్టించే ఏర్పాటుంది. ఢిల్లీ చేసిన మంచి పనుల్లో ఇదొకటి. కానీ మైలవరం తల్లికి ఢిల్లీ ఎంత దూరం!

దూరం పోనక్కర్లేదు. కృష్ణ దాటితే పల్నాడు, అక్కడ కారెంపూడి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పడిపోయినవాళ్లకు నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజుల ఉత్సవం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఫలానా వీరుడి ఆయుధం ఫలానా ఇంటివాళ్లదని తరాలుగా వస్తోంది. ఆ ఆచారవంతులు ఎక్కడ స్థిరపడినా ఆ రోజులకు వచ్చి, నాగులేట్లో ఆయుధాలకు స్నానం చేయించి గుడికి తెస్తారు. మందపోరు నాడు చాపకూడు, కులం అడగకుండా ఒకే చాప మీద భోజనం. ఎనిమిది వందల ఏళ్లు దాటినా మాచర్ల సేనలో ఎవరు పడిపోయారో ఆ జనానికి గుర్తుంది. ప్రభుత్వం గుర్తు చేయలేదు. తేదీ ఉంది, చోటు ఉంది, బాధ్యత ఫలానా ఇంటిదని ఉంది, అంతే.

పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరానికీ ఆ పట్టింపు ఉంది. తాడేపల్లిగూడెం పక్క ఊరది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యికి పైగా వెళ్లారని ఊరివాళ్ల లెక్క. ఊళ్లోనే యుద్ధ స్మారకం కట్టుకున్నారు. సూర్యాపేట 2020 జూన్ 15న గల్వాన్‌లో కల్నల్ సంతోష్‌బాబును పోగొట్టుకుని, సరిగ్గా ఏడాదికి విగ్రహం నిలబెట్టుకుంది. పార్నపల్లె ముస్తాక్ అహ్మద్ 2016లో సియాచిన్ మంచుకు బలయ్యాడు. గోరంట్ల మండలం కళ్లితండా కుర్రాడు మురళీనాయక్ అగ్నివీరుడిగా వెళ్లి 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం ఇచ్చాడు. ఇద్దరి పేర్లూ అప్పట్లో మారుమోగాయి. ఈ ఏడు ఆ తేదీలకు ఎన్ని ఊళ్లలో వినబడ్డాయి?

విగ్రహాలు పెట్టమని నేననను, సెంటర్లలో చోటెక్కడుంది? పైగా విగ్రహానికి దండ వేయాలంటే నాయకుడు రావాలి, నాయకుడొస్తే మైకు రావాలి. పేరు పిలవడానికి అవేవీ అక్కర్లేదు. మైలవరం హైస్కూలు మాస్టార్లకూ, ఇంజినీరింగు కాలేజీ ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకూ ఒక్క మనవి. మన మండలం నుంచీ చుట్టుపక్కల నుంచీ సైన్యానికి వెళ్లి తిరిగిరానివాళ్ల వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, ఊళ్లోని మాజీ సైనికుల్ని పక్కన పెట్టుకోండి. ముందు ఆ ఇంటి పెద్దల్ని అడగండి, వద్దంటే ఆగిపోండి. సరేనంటే అతను పోయిన తేదీ నాడు ఆ గుమ్మానికి గానీ సమాధికి గానీ స్తూపానికి గానీ వెళ్లండి. డిసెంబరైతే చామంతులూ బంతులూ కావలసినన్ని దొరుకుతాయి. దండ పెట్టి అతని పేరు, ఊరు, రెజిమెంటు, ప్రాణం పోయిన చోటు బళ్లో పిల్ల చేత గట్టిగా చదివించండి. ఫ్లెక్సీ వేయించకండి.