గిటారు రక్షాఫలకము

క్రొత్త పాఠ్యపుస్తకము చేతికి రాగానే విద్యార్థులు మొదట చేయు పని దానికి అట్ట వేయుట. సంచిలో అంచులు నలగకుండ, చేతి చెమటకు మాయకుండ పుస్తకమును కాపాడుటయే ఆ అట్ట యొక్క ప్రయోజనము. అయినను కొలది దినములలోనే దానిపై రంగుచీటియు, చీటిపై పొందికగా వ్రాసిన పేరును, ఒక మూల చిన్న పువ్వును వెలయును. ఎద్దుకొమ్ముల మొనలకు తొడుగు ఇత్తడి కుప్పెల కథయు నిట్టిదే. రక్షణకై పుట్టిన వస్తువు క్రమముగా అలంకార మగుట లోకమున తఱచు కానవచ్చును.

గిటారు ముఖముపై నాదరంధ్రము ప్రక్కన నుండు పలుచని బిళ్ల ఇందుకు చక్కని ఉదాహరణము. దానిని పిక్‌గార్డు అందురు. ఈ పాఠమున మనము రక్షాఫలకమని పిలుచుకొందము. పాత ఫలకమును తీసివైచి, తమకు నచ్చిన రంగుతో, రూపముతో క్రొత్తదానిని అమర్చి, గిటారునకు క్రొత్త శోభ కల్పించుకొనువారు నేడు పెక్కుమంది కలరు. ఆ పని యెట్లు చేయవలెనో తెలిసికొనుటకు ముందు, ఆ ఫలకము అచ్చట ఏల యున్నదో తెలిసికొనుట మేలు.

విద్యుత్తు సాయము లేకుండ పలుకు గిటారులో నాదము ప్రధానముగా పైపలక నుండి వెలువడును. తంతి మిక్కిలి సన్ననిది. అది తానొక్కటియే కంపించినచో చాలినంత గాలిని కదల్పజాలదు. తంతి కంపనము బ్రిడ్జి ద్వారా పైపలకకు చేరును. పలక విశాలమైనది గావున గాలిని బలముగా కదల్చి ధ్వనిని పుట్టించును. ఇందుకై దానిని స్ప్రూస్, సెడార్ వంటి తేలిక కొయ్యలతో, సుమారు 3 మిల్లీమీటర్ల మందమున మాత్రమే చేయుదురు. మందము హెచ్చినచో నాదము అణగిపోవును. అయితే పలుచనైన మెత్తని కొయ్య గాయపడుటయు సులభమే. ఉక్కుతంతులను పిక్ అను చిన్న బిళ్లతో వేగముగా మీటునపుడు, ఆ బిళ్ల తంతులను దాటివచ్చి కొయ్యను గీకుచుండును. ఆ గీతలు పడు చోటనే రక్షాఫలకమును అంటింతురు.

ఆ ఫలకము లేనిచో ఏమగునో అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ గిటారు తెలుపును. ఆయన 1969లో కొన్న ఆ గిటారు మార్టిన్ సంస్థవారి ఎన్-20 రకమునకు చెందినది. అది నైలాను తంతులది. వ్రేళ్లతో మీటుటకు ఉద్దేశింపబడినది గావున దానికి రక్షాఫలకము లేదు. నెల్సన్ దానిని పిక్‌తో వాయించెను. ఏండ్లు గడచిన కొలది పైపలక అరిగి అరిగి, నాదరంధ్రమునకును బ్రిడ్జికిని నడుమ మఱియొక రంధ్రమే యేర్పడినది. 'ట్రిగ్గర్' అని ఆయన పేరు పెట్టుకొన్న ఆ వాద్యము ఆ రంధ్రముతోనే లోకప్రసిద్ధి గాంచినది. చీమ నడువగా రాయి యరిగినట్లు, కొయ్యయు అరుగునన్నమాట.

వాయించు తీరును బట్టి రక్షాఫలకపు తీరును మాఱును. వ్రేళ్లతో మృదువుగా మీటు క్లాసికల్ గిటారునకు సామాన్యముగా అది యుండదు. స్పెయిను దేశపు ఫ్లమెంకో సంగీతమున వాయించువారు తంతులను మీటుచునే, గోళ్లతో పైపలకపై దరువు వేయుదురు. ఆ దెబ్బలకు ఓర్చుకొనుటకై దానికి 'గోల్పెయదోర్' అను పలుచని ఫలకమును అంటింతురు. కొయ్య యందము మఱుగుపడకుండుటకు దానిని పెక్కుచోట్ల పారదర్శకముగా చేయుదురు. ఉక్కుతంతుల గిటారుపైని ఫలకము సాధారణముగా కన్నీటిబొట్టు ఆకారమున నుండును. 1960లో అమెరికాలోని గిబ్సన్ సంస్థవారు 'హమ్మింగ్‌బర్డ్' అను గిటారును వెలువరించిరి. దాని విశాలమైన ఫలకముపై పూలనడుమ తేనెపిట్ట యొకటి చిత్రింపబడి యుండును. గిటారునకు ఆ పేరు ఆ పిట్టవలననే వచ్చినది. గీతలు పడకుండ పెట్టిన బిళ్ల వాద్యమునకు పేరు తెచ్చినంతటి అలంకారమైనది!

ఈ ఫలకములలో పెక్కింటికి తేనెరంగుపై గోధుమ, నలుపు మచ్చలుండును. ఆ మచ్చల వెనుక నొక విషాదగాథ కలదు. అది తాబేటిచిప్ప రంగు. ఉష్ణమండల సముద్రములలో హాక్స్‌బిల్ అను తాబేలు నివసించును. డేగముక్కు వంటి ముక్కు గలది గావున దానికి ఆ పేరు వచ్చినది. మన దేశమున అండమాన్ నికోబార్ దీవులలోను, లక్షద్వీపములలోను అది గ్రుడ్లు పెట్టును. దాని వీపుపైని చిప్ప పలకలు వేడికి మెత్తబడి, కోరిన రూపమునకు వంగును; మెఱుగు పెట్టినచో తళతళలాడును. అందుచేత దువ్వెనలకు, కండ్లజోళ్ల చట్రములకు, పిక్‌లకు వానిని విరివిగా వాడిరి. ఇటలీలోని నేపుల్స్ నగరమున చేసిన మాండొలినుల రక్షాఫలకములకును ఆ చిప్పనే పొదిగిరి. ఒక వాద్యము ముఖము గీతలు పడకుండుటకై ఒక ప్రాణి తన ప్రాణరక్షణ కవచమునే కోల్పోయినది.

వన్యప్రాణుల వ్యాపారమును గూర్చిన అంతర్జాతీయ ఒప్పందము 1973లో కుదిరి 1975లో అమలునకు వచ్చినది. ఆ యొప్పందము క్రింద 1977 నాటికి హాక్స్‌బిల్ జాతి యంతయు వాణిజ్యనిషేధపు జాబితాలో చేరినది. మన దేశమునను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించుచున్నది. అయినను ఆ జాతి యింకను కోలుకొనలేదు. తీవ్రముగా అంతరించు ప్రమాదమున నున్న ప్రాణిగనే దానిని పరిగణించుచున్నారు. కనుక నేడు అంగడిలో 'టార్టాయిజ్' అని చెప్పి అమ్ము ఫలకము ఆ రంగు మాత్రమే గల ప్లాస్టిక్కు. అసలు చిప్పయే యని యెవరైన చెప్పినచో దానిని కొనకుండుటయే ధర్మము.

తాబేటిచిప్పకు బదులుగా మొదట వచ్చినది సెల్యులాయిడ్. 1870 ప్రాంతమున అమెరికాలో జాన్ వెస్లీ హయట్ అనునాతడు బిలియర్డు బంతులకు ఏనుగుదంతము బదులు వాడదగిన పదార్థమును వెదకుచు దీనిని రూపొందించెను. నత్రికామ్లముతో మార్పుచెందించిన సెల్యులోజునకు కర్పూరమును చేర్చి దీనిని చేయుదురు. పాత చలనచిత్రముల ఫిల్మునకు ఆధారమైనదియు ఈ పదార్థమే. ఇది ఏ రంగునైనను పట్టును. కాని దీనికి రెండు దోషములు కలవు. నిప్పు తగిలినచో భగ్గున మండును. కాలము గడచిన కొలది కుంచించుకొనిపోవును.

ఈ రెండవ దోషము గిటారులకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది. మార్టిన్ సంస్థవారు చాలకాలము, 1980ల వరకు, సెల్యులాయిడు ఫలకమును ఒట్టికొయ్యపైననే గట్టి జిగురుతో అంటించి, ఆపైన వార్నిషు పూయుచుండిరి. ఏండ్లు గడువగా ఫలకము కుంచించుకొనుచు కొయ్యను తనతో లాగెడిది. కొయ్య యంత కుంచించుకొనదు గదా! తుదకు ఫలకపు అంచు వెంబడి పలక పగిలెడిది. కాపాడుటకు పెట్టిన కవచమే గాయము చేసినది. పిమ్మట కొయ్యకు ముందుగా వార్నిషు పూసి, దానిపై ఫలకమును సులభముగా తీయదగిన జిగురుపొరతో అంటించు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. నేడు మనము ఫలకమును మార్చగలుగుచున్నామన్న అది ఆ మార్పు చలువయే.

ఇక మార్చు విధానమును చూతము. మొదట పాత ఫలకమును పరీక్షింపవలెను. అది వార్నిషు క్రింద నున్నను, గిటారు చాల పాతదైనను దానిని ముట్టరాదు. వాద్యములను బాగుచేయు నిపుణునికి చూపవలెను. వార్నిషుపైన అంటించినదైనచో, తంతులను వదులుచేసి, జుట్టు ఆరబెట్టు యంత్రముతో ఫలకమును మెల్లగా వెచ్చచేయవలెను. ఒకేచోట వేడి నిలిపినచో వార్నిషు పొంగును. నిప్పును దగ్గఱకు రానీయరాదు. జిగురు మెత్తబడగానే పలుచని ప్లాస్టిక్కు కార్డును అంచు క్రింద దూర్చి, కొంచెము కొంచెముగా లేపవలెను. ఇచ్చట తొందర పనికిరాదు. ఒక్కసారి లాగినచో కొయ్యనార కూడ ఊడివచ్చును.

మిగిలిన జిగురును బొటనవ్రేలితో ఉండలుగా నలిపి తీయవలెను. ఇంకను మిగిలినచో మెత్తని గుడ్డను నాఫ్తాతో తడిపి, మొదట కనబడని చోట పరీక్షించి, పిమ్మట తుడువవలెను. నాఫ్తా త్వరగా అంటుకొను ద్రవము గావున పెద్దలు దగ్గఱనుండగా, గాలివచ్చు చోటనే ఈ పని చేయవలెను. గోళ్లరంగును తుడుచు ద్రవమును మాత్రము వాడరాదు. అది వార్నిషునే కరగించును.

ఫలకము తీసినచోట కొయ్య లేతరంగున కనబడును. వెలుతురు సోకిన కొయ్య ఏండ్లమీద ముదురు రంగు తిరుగును. కప్పబడిన చోటు తన పూర్వపు రంగుననే యుండును. అందువలన క్రొత్త ఫలకము పాతదాని యంతయైన, కొంచెము పెద్దదియైన ఉండవలెను. చిన్నదైనచో పాత నీడ బయటపడి క్రొత్త శోభను వెక్కిరించును. పలుచని కాగితముపై పాత రూపమును, నాదరంధ్రపు వంపును గీసికొని, దానిని కత్తిరించి, గిటారుపై ఉంచి సరిచూచుకొనవలెను. ఆపై అరమిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వఱకు మందము గల ప్లాస్టిక్కు రేకును ఆ కొలతకు కోసి, అంచులను గరుకు కాగితముతో నున్నగా వాలుచేయవలెను. పలుచని కొయ్యపొరతో చేసిన ఫలకమును కొందఱు వాడుదురు. బొమ్మ వేయదలచినచో పారదర్శకమైన రేకును తీసికొని, దాని వెనుకవైపున వేయవలెను. ముందువైపున వేసిన రంగును పిక్ కొలది దినములలోనే గీకివేయును. తేనెపిట్టయే వేయవలెనని నియమము లేదు. ఇంటిముంగిట ముగ్గు వేయు చేతికి రూపములు కఱవా?

రెండువైపుల అంటు జిగురుపొరను ఫలకము వెనుక అతికి, దానిపై సబ్బునీటిని సన్నని తుంపరగా చల్లినచో, వెంటనే పట్టుకొనక, ఇటునటు జరిపి సరిచేసికొనుటకు వీలగును. చోటు కుదిరిన పిమ్మట నడుమ నుండి అంచులకు నొక్కుచు బుడగలను వెలికి పంపి, వెలువడిన తేమను తుడిచి, ఒక దినము కదలింపక ఉంచవలెను.

ఒక్క హెచ్చరిక మిగిలినది. పలకపై చేర్చిన ప్రతి బరువును నాదముపై భారమే. పలుచని చిన్న ఫలకము కలిగించు తేడా చెవికి అంతగా తెలియదు. కాని అందమునకై మందమైన రేకును బ్రిడ్జి దాపుల వఱకు పఱచినచో, పలక స్వేచ్ఛగా కదలలేదు. కనుక ఫలకము మార్చుటకు ముందు ఒక్కొక్క తంతిని మీటి శ్రద్ధగా వినవలెను. మార్చి శ్రుతి చేసిన పిమ్మట మఱల వినవలెను. చూచువారు ఫలకమును మెచ్చుకొందురు గాక! గిటారు పుట్టినది పలుకుటకు. దాని పలుకునకు గాని, దానిని మోయు కొయ్యకు గాని, ఎక్కడనో సముద్రమున నీదు ప్రాణికి గాని కీడు చేయనంతవరకే అలంకారమునకు ఆ పేరు తగును.