మీకు తెలుసా? నడక కూడా చికిత్సే!

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయ్యాక వ్యాయామాన్ని కూడా మందులాగే రాసిస్తే? కెనడా, ఆస్ట్రేలియా తదితర దేశాల్లో 889 మంది రోగులతో ఈ సంగతి తేల్చుకున్నారు. సగం మందికి ఆరోగ్య సలహాల పుస్తకం ఇచ్చారు. మిగతావారికి మూడేళ్లపాటు శిక్షకులను తోడిచ్చారు. అడిగింది ఏమంత కష్టమైనది కాదు. వారానికి మూడు నాలుగుసార్లు, ముప్పావు గంట నుంచి గంటసేపు చురుగ్గా నడవడంతో సమానమైన శ్రమ. ఫలితాలు 2025లో వచ్చాయి. ఎనిమిదేళ్ల తర్వాత బతికున్నవారు పుస్తకం అందుకున్న జట్టులో 83 శాతం, వ్యాయామం చేసిన జట్టులో 90 శాతం! ఖరీదైన మందుతో ఇంత మేలు జరిగితే పండగ చేసుకుంటాం.

మరి జబ్బు రాకముందు? కూర్చుని పనిచేసే మగవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఒళ్లు వంచి పనిచేసేవారి కంటే 1.6 రెట్లని లాస్ ఏంజెలెస్‌లో 1984లోనే గమనించారు. 14 లక్షల మంది వివరాలను కలిపి చూసిన 2016 అధ్యయనంలో, తీరిక వేళల్లో బాగా కదిలేవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు 27 శాతం, పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 16 శాతం తక్కువగా కనిపించింది.

కదిలే కండరాలు రక్తంలోని చక్కెరను వాడేసుకుంటాయి కాబట్టి ఇన్సులిన్ అదుపులో ఉంటుంది. అది ఎప్పుడూ ఎక్కువగా ఉంటే పేగు లోపొరలో కణాలు అదుపు తప్పి పెరిగే వీలుంది.

మలంలో రక్తం కనిపిస్తే మాత్రం, రోజూ నడిచేవారైనా సరే, మొలలేలెమ్మని ఊరుకోవద్దు. వెంటనే డాక్టరుకు చూపించుకోండి.